ఊరి రక్తపోటు

కెన్యాలో పశువులను మేపుకుంటూ తిరిగే సంచారుల రక్తపోట్లు ఒకవైపు, లండన్ ఆఫీసుల్లో పనిచేసే ప్రభుత్వోద్యోగుల రక్తపోట్లు మరోవైపు. రెండింటినీ ఒకే పటం మీద గీసి చూపించాడు జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ వైద్య పరిశోధకుడు. ఆ పటం ఉన్న వ్యాసం 1985లో ‘ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎపిడెమియాలజీ’లో అచ్చయింది. పట్టుమని పది పేజీలు లేని ఆ వ్యాసం, ప్రజారోగ్యం గురించి ఆలోచించే పద్ధతినే మార్చేసింది.

పటంలో కనిపించేది ఇదీ. రెండు జనాల్లోనూ కొందరికి రక్తపోటు తక్కువ, కొందరికి ఎక్కువ, చాలామందికి నడిమధ్యన. రెండు గీతల ఆకారమూ ఇంచుమించు ఒకటే. కానీ లండన్ గీత మొత్తంగా కుడిపక్కకు జరిగి ఉంది. తక్కువ ఉన్నవాళ్లు, మధ్యలో ఉన్నవాళ్లు, ఎక్కువ ఉన్నవాళ్లు, అందరికందరూ కెన్యాలోని తమలాంటి వాళ్లకంటే పైమెట్టులోనే ఉన్నారు. బీపీ అనేది కొందరిని పట్టి కొందరిని వదిలేసే జబ్బయితే, లండన్ పటంలో కుడివైపున రోగుల గుంపు ఒకటి విడిగా కనపడాలి. అలాంటిదేమీ లేదు. జరిగింది జనం మొత్తం.

దీన్నిబట్టి రోజ్ రెండు ప్రశ్నలను విడదీశాడు. లండన్‌లో ఈ గుమస్తాకు బీపీ ఎందుకొచ్చింది, పక్క బల్ల దగ్గరున్నవాడికి ఎందుకు రాలేదు అని అడిగితే వంశం, లావు, తాగుడు లాంటి జవాబులు వస్తాయి. లండన్‌లో ఇంతమందికి ఎందుకుంది, ఆ సంచారుల్లో దాదాపు ఎందుకు లేదు అని అడిగితే ఆ జవాబులు పనికిరావు. అక్కడ వెతకాల్సింది అందరూ కలిసి తినే తిండిలో, అందరూ కలిసి బతికే బతుకులో. మొదటి ప్రశ్న ఆస్పత్రిలో రోజూ వినిపిస్తుంది. రెండోది అడిగేవాళ్లు ఇప్పటికీ తక్కువ. ఈ అధ్యాయం ఆ రెండో ప్రశ్న గురించి.

కళ్లంలో పోసిన ధాన్యం రాశిని ఒకసారి తలచుకుందాం. నడుమ ఎత్తు, అంచులు పలచన. కుడి అంచుకు కాస్త ఇవతల, రాశి వాలు మీద ఒక గీత గీశామనుకోండి. అదే 140, రక్తపోటు కొలతలోని పై అంకె. గీతకు అవతల పడ్డ గింజలకు మనం పెట్టిన పేరు బీపీ రోగులు. ఇప్పుడు రాశి మొత్తం నాలుగు వేళ్ల మందం కుడికి జరిగిందనుకుందాం. ఏ గింజా పెద్దగా కదిలినట్టు అనిపించదు. కానీ గీత ఉన్నది వాలు మీద కాబట్టి, దాని అవతలికి చేరే గింజలు దోసిళ్లకొద్దీ ఉంటాయి.

ఎన్ని దోసిళ్లో లెక్క వేయొచ్చు. పదివేలమంది పెద్దవాళ్లున్న ఒక ఊహాపట్టణాన్ని తీసుకుందాం. అక్కడ పై అంకె సగటు 126, సగటు చుట్టూ చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) 16 అనుకుందాం. రక్తపోటును మిల్లీమీటర్ల పాదరసంలో కొలుస్తారు, ఇక్కడ సులువుగా పాయింట్లు అందాం. గంట ఆకారపు గీత లెక్క ప్రకారం ఆ పట్టణంలో 140 తాకినవాళ్లు, దాటినవాళ్లు కలిపి 1,900 మంది. సగటు నాలుగు పాయింట్లు తగ్గి 122కు దిగితే వాళ్లు 1,300 మంది అవుతారు. అంటే రోగుల్లో మూడోవంతు మంది జాబితాలోంచి పోయినట్టు. అదే సగటు నాలుగు పెరిగి 130కి చేరితే 2,660 మంది. ఇక 160 దాటిన తీవ్రమైన బీపీ చూడండి: 126 దగ్గర సుమారు 170 మంది, 122 దగ్గర 90 మందికి లోపే. సగటు కదిలింది నూటికి మూడు పాళ్లు, ప్రమాదపు అంచున ఉన్నవాళ్లు సగానికి సగం తగ్గారు. నాలుగు పాయింట్ల తేడా ఒక మనిషిలో ఉదయానికీ సాయంత్రానికీ మధ్య వచ్చిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. ఊరికి వచ్చినప్పుడు మాత్రం అది వందల కుటుంబాల సంగతి.

ఇక్కడ ఒక పాత వాదాన్ని చెప్పుకోవాలి. 1950ల్లో ఇంగ్లండ్‌లో ఇద్దరు పెద్ద వైద్యులు ఏళ్ల తరబడి పత్రికల్లో తలపడ్డారు. మాంచెస్టర్‌లోని రాబర్ట్ ప్లాట్, అధిక రక్తపోటు వంశపారంపర్యంగా వచ్చే ఒక విడి జబ్బు అన్నాడు. ఉన్నవాళ్లకు ఉంది, లేనివాళ్లకు లేదు అంతే. లండన్‌లోని జార్జ్ పికరింగ్, అలాంటి విభజన ప్రకృతిలో లేదు, అందరిలోనూ ఉన్నది ఒకే కొలత, కొందరిలో ఎక్కువ మోతాదులో ఉంది అన్నాడు. కాలం పికరింగ్ పక్షాన నిలిచింది. 2002లో 61 అధ్యయనాల నుంచి పదిలక్షల మంది వివరాలను కలిపి చూశారు. 40 నుంచి 69 ఏళ్ల మధ్య వాళ్లలో పై అంకె 20 పాయింట్లు పెరిగిన ప్రతిసారీ పక్షవాతంతో, గుండెపోటుతో చనిపోయే ప్రమాదం రెట్టింపవుతోంది. ఈ రెట్టింపు 140 దగ్గర మొదలు కాలేదు. 115 నుంచే ఉంది. 140 అనేది మందులు ఎవరికి మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి వైద్యులు పెట్టుకున్న హద్దు. ఆ హద్దును కూడా జరపొచ్చు. 2017లో అమెరికా హృద్రోగ సంఘాలు దాన్ని 130కి, కింది అంకెను 80కి దించగానే ఆ దేశంలో బీపీ ఉన్న పెద్దలు తెల్లారేసరికి నూటికి 32 నుంచి 46కు పెరిగారు. అక్కడ గీత కదిలింది, మనుషులు కదల్లేదు. మన సంగతి మనుషులు కదలడం గురించి.

మనుషులు ఎలా కదులుతారు? 32 దేశాల్లోని 52 చోట్ల పదివేల పైచిలుకు మంది మూత్రాన్ని 24 గంటలు పట్టి, ఉప్పు కొలిచి, రక్తపోటుతో పోల్చిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 1988లో వెలువడింది. అందులో బ్రెజిల్ అడవుల్లో ఉండే యానోమామి తెగవాళ్లూ ఉన్నారు. వాళ్ల సగటు రక్తపోటు 96/61 దరిదాపుల్లో ఉంది. వాళ్ల మూత్రంలో ఉప్పు దాదాపు లేదు, తిండికి ఉప్పు కలిపే అలవాటే లేదు కాబట్టి. అంతకంటే ముఖ్యమైన సంగతి, వయసు మీద పడినా వాళ్ల రక్తపోటు పెరగడం లేదు. అరవై దాటితే బీపీ రావడం మామూలే అని మన ఇళ్లలో చాలామంది అనుకుంటారు. అది మనిషి శరీర ధర్మం కాదని, మనం బతికే తీరు తెచ్చిపెట్టిందని ఆ ఒక్క తెగ చూపిస్తోంది. ఇంటర్‌సాల్ట్ లెక్కలనే తీసుకుని రోజ్, సైమన్ డే 1990లో ఇంకో సంగతి తేల్చారు. ఒక జనం సగటు రక్తపోటు తెలిస్తే చాలు, అక్కడ ఎంతమంది గీత దాటి ఉంటారో చాలావరకు ముందే చెప్పేయొచ్చు. అంచులో ఉన్నవాళ్లు మిగతా జనం నుంచి వేరైనవాళ్లు కాదు, ఆ జనంలో భాగమే.

పల్లె వదిలి నైరోబీ చేరిన లువో తెగ యువకులను కొన్ని నెలలపాటు వెంబడించి చూసిన అధ్యయనం ఒకటుంది. పట్నం వచ్చిన తొలి నెలలోనే వాళ్ల రక్తపోటు ఊళ్లో మిగిలినవాళ్లకంటే పైకి లేచింది. ఉప్పు పెరిగింది, కూరగాయల్లోంచి వచ్చే పొటాషియం తగ్గింది. మన దేశంలోనూ హైదరాబాద్, బెంగళూరు, నాగ్‌పుర్, లక్నో నగరాల ఫ్యాక్టరీ కార్మికులను, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులను పోల్చి చూశారు. రక్తం పంచుకు పుట్టినవాళ్లే, జన్యువుల్లో పెద్ద తేడా లేనివాళ్లే. వలస వచ్చినవాళ్ల అంకెలు పల్లెవాళ్లకూ పట్నవాసులకూ నడుమ నిలిచాయి. ఊరు మారితే రాశిలో చోటు మారుతోంది.

పల్లెలో ఉంటే క్షేమమేనా అంటే, ఆ రోజులూ పోయాయి. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాలను ఎంచుకుని, లక్షా ఎనభై వేల జనాభాలో జరిగిన ప్రతి మరణానికీ కారణం ఆరా తీశారు. ఇంటికి వెళ్లి, చనిపోయినవాళ్లకు చివరి రోజుల్లో ఏం జరిగిందో కుటుంబాన్ని అడిగి తెలుసుకునే పద్ధతి అది. మలేరియా, క్షయ, విరేచనాలు ముందుంటాయని అనుకునే రోజులవి. తేలింది వేరు. మూడోవంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. కాలువ నీళ్లతో తరతరాలుగా పచ్చగా ఉన్న పల్లెల్లో గుండెపోటు, పక్షవాతం అప్పటికే మొదటి స్థానానికి వచ్చేశాయి. నా మటుకు నాకు, తెలుగునేల మీద జరిగిన ఆరోగ్య సర్వేల్లో ఇంత కళ్లు తెరిపించినది ఇంకొకటి లేదు.

తర్వాతి ఏళ్లలో 24 గంటల మూత్రం పట్టి ఉప్పు కొలిచిన సర్వే ఒకటి ఢిల్లీ, హర్యానాల్లోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ జరిగింది. ఢిల్లీ వైపు మనిషికి రోజుకు 8.6 గ్రాములు, ఆంధ్రప్రదేశ్‌లో 9.5 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5. మనం ఉప్పు ఎక్కువ తింటామని చెప్పడానికి సర్వే అక్కర్లేదేమో. ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఉప్పుచేప, పెరుగన్నంలో నంజుకునే ఊరగాయ ముక్క: ఇవన్నీ వేడినేలలో తిండిని నిలవ చేసుకునే తెలివిలోంచి పుట్టినవే. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. కానీ 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదిహేనేళ్లు దాటినవాళ్లలో రక్తపోటు ఎక్కువున్నవాళ్లు లేదా మందులు వాడుతున్నవాళ్లు దేశం మొత్తం మీద ఆడవాళ్లలో నూటికి 21, మగవాళ్లలో 24 అయితే, రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ సగటుకు పైనే ఉన్నాయి. ఆడవాళ్లలో నలుగురిలో ఒకరు, మగవాళ్లలో పదిమందిలో ముగ్గురి దాకా.

రాశి ఎడమకు జరిగిన చోట్లూ ఉన్నాయి. జపాన్‌లో 1951 నుంచి 1980 దాకా మరణాలకు మొదటి కారణం పక్షవాతం. ఉత్తరాన అకితా ప్రాంతపు రైతులు 1950ల్లో రోజుకు 25 గ్రాములకు పైగా ఉప్పు తినేవాళ్లు. మంచు కాలమంతా మీసో చారు, ఉప్పులో ఊరేసిన ముల్లంగి, ఉప్పు పట్టించిన చేప. ఆ తర్వాత ఊరూరా రక్తపోటు పరీక్షలు, వంటింట్లో ఉప్పు తగ్గించే ప్రచారం, ఇంటింటికీ ఫ్రిజ్. మందులు కూడా వచ్చాయి. 1960ల మధ్య నుంచి దేశం మొత్తం సగటు దిగుతూ వచ్చింది, పక్షవాత మరణాలు ఐదో వంతుకంటే కిందికి పడిపోయాయి.

ఫిన్లాండ్ కథ ఇంకా వివరంగా తెలుసు. తూర్పున నార్త్ కరేలియా అనే అటవీ ప్రాంతంలో నడివయసు మగవాళ్లు గుండెపోటుతో రాలిపోతుంటే, అక్కడి జనమే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. 1972లో పెక్కా పుస్కా అనే యువ వైద్యుడి నాయకత్వంలో ఒక పథకం మొదలైంది. అప్పటికి అక్కడి నడివయసు మగవాళ్ల సగటు పై అంకె 149. నేను సగటు అంటున్నాను, రోగుల అంకె కాదు. మామూలు మనిషే రోగి అన్నమాట. ఆస్పత్రులు సరిపోవని పుస్కా బృందానికి తొందరగానే అర్థమైంది. గృహిణుల సంఘాలతో ఉప్పు, వెన్న తగ్గించిన వంటలు చేయించారు. సాసేజ్ ఫ్యాక్టరీలతో, బేకరీలతో కూర్చుని మాట్లాడారు. పత్రికలు గొంతు కలిపాయి. 1993లో దేశవ్యాప్తంగా ఉప్పు ఎక్కువున్న తినుబండారాల మీద హెచ్చరిక ముద్రించాలన్న నిబంధన వచ్చింది. 2007 నాటికి అదే నార్త్ కరేలియా మగవాళ్ల సగటు 138. ఆడవాళ్లలో తగ్గుదల ఇంకా ఎక్కువ.

ఇదంతా మందుల వల్లే కదా అని అడిగేవాళ్లు ఉంటారు, అడగాలి కూడా. జవాబు మోనికా అనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో దొరికింది. 21 దేశాల్లోని 38 జనసమూహాల్లో 1980ల మధ్య నుంచి 1990ల మధ్య దాకా రక్తపోట్లు పదేపదే కొలిచారు. చాలాచోట్ల సగటు తగ్గింది. మందులే కారణమైతే తగ్గుదల కుడి అంచులోనే కనపడాలి, ఎందుకంటే మందు వేసుకునేది అక్కడివాళ్లే. కానీ తక్కువ అంకెలవాళ్లలోనూ, మధ్యవాళ్లలోనూ, ఎక్కువవాళ్లలోనూ తగ్గుదల ఒకేలా ఉంది. బిళ్ల ముట్టనివాళ్లు కూడా దిగారు. ఆ తగ్గుదలకు కారణాలు పూర్తిగా ఉప్పులోనే లేవు. చలికాలంలోనూ పళ్లు, కూరగాయలు దొరకడం, ఇళ్లు వెచ్చబడడం, పొగ తగ్గడం, కడుపులో ఉన్నప్పటి నుంచీ మంచి పోషణ అందిన తరాలు పెరిగి పెద్దవడం, అన్నీ కలిసి ఉండొచ్చు.

అయితే రోజ్ చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం కాదు. 2018లో 1,018 అధ్యయనాల నుంచి 8 కోట్ల 86 లక్షల మంది కొలతలను కలిపి చూసినప్పుడు చిత్రం మరింత స్పష్టమైంది. బీపీ ఉన్నవాళ్ల నిష్పత్తి తగ్గిన చోట్ల, ఆ తగ్గుదలలో సగం, లేదా అంతకంటే ఎక్కువ, సగటు దిగడం వల్లే వచ్చింది. మిగతాది రాశి ఆకారం మారడం వల్ల. కుడి అంచును మందులు లోపలికి లాగాయి. నిష్పత్తి పెరిగిన చోట్ల మాత్రం ఆ పెరుగుదలంతా సగటు ఎక్కడం వల్లే. అందులోనే మనకు గుచ్చుకునే మాట ఇంకొకటి ఉంది. ఒకే సగటు ఉన్న రెండు జనాలను పోల్చితే, పశ్చిమ దేశాల్లోకంటే దక్షిణాసియాలో గీత దాటినవాళ్లు ఎక్కువ. అంటే మన రాశి జరగడమే కాదు, దాని కుడి తోక కూడా పొడుగ్గా ఉంది. ఆ తోకను లోపలికి తెచ్చే వైద్యం మన దగ్గర అందరికీ అందడం లేదు. కాబట్టి ఊరి సంగతా, ఆస్పత్రి సంగతా అని పోటీ పెట్టుకోవడంలో అర్థం లేదు. మనం రెండింటిలోనూ వెనకబడ్డాం.

ఆస్పత్రి సంగతికి వద్దాం. ఎక్కువమంది దృష్టి పడని మలుపు ఇక్కడే ఉంది. ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్య బీపీ ఉన్నవాళ్లు 1990లో 65 కోట్లు, 2019లో 128 కోట్లు. వాళ్లలో రక్తపోటు 140/90 లోపు అదుపులో ఉన్నది ఆడవాళ్లలో నూటికి 23 మందికి, మగవాళ్లలో 18 మందికి. అందుకే చాలా ప్రభుత్వాలు ఇప్పుడు ‘కంట్రోల్ రేటు’ను కొలమానంగా పెట్టుకున్నాయి. మన దేశంలో 2017 చివర మొదలైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, క్లోర్తాలిడోన్ అనే చవక మందులను, ఏది ముందు ఏది తర్వాత అనే స్పష్టమైన వరుసతో, పీహెచ్‌సీ స్థాయిలోనే అందుబాటులోకి తెచ్చిన మంచి పని అది. 2022లో ఐక్యరాజ్య సమితి అవార్డు కూడా అందుకుంది.

కంట్రోల్ రేటును అందరూ ఆస్పత్రి మార్కుల జాబితాగా చదువుతారు. నిజానికి ఆ అంకెలో ఊరు కూడా ఉంటుంది. మందు వాడుతున్నవాళ్లదీ ఒక రాశే. వాళ్ల సగటు 142, చెదురు 15 అనుకుందాం. 140 లోపు ఉన్నవాళ్లు నూటికి 45. ఊళ్లో అందరితోపాటు వాళ్ల తిండిలోనూ ఉప్పు తగ్గి, సగటు 138కి దిగిందనుకోండి. కంట్రోల్ రేటు 55 అవుతుంది. ఒక్క బిళ్ల పెంచలేదు, కొత్త డాక్టరు రాలేదు. అటు తిరగేసి చూడండి. పీహెచ్‌సీలో నర్సు, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ప్రాణం పెట్టి పనిచేస్తున్నా ఊరి సగటు ఏటేటా ఎక్కుతుంటే వాళ్ల మార్కులు అక్కడే ఉండిపోతాయి, లేదా తగ్గుతాయి. వాళ్లు ఎదురు ప్రవాహంలో ఈదుతున్నారని జిల్లా సమీక్షలో ఎవరూ చెప్పరు.

ఊరి సగటు తాత్కాలికంగా కదిలే సందర్భాలూ ఉన్నాయి. చైనాలో పది ప్రాంతాల్లో అయిదు లక్షల మందిని చూసిన అధ్యయనంలో వేసవికీ చలికాలానికీ సగటు పై అంకెలో తేడా 10 పాయింట్లు వచ్చింది. చలి బాగా ముదిరాక మాత్రం, ఇల్లంతా వెచ్చబెట్టే ఏర్పాటు ఉన్నవాళ్లలో చలితోపాటు రక్తపోటు ఇంకా పెరగడం కనపడలేదు. మన దగ్గర అంత చలి లేదు, అంత తేడా ఉండకపోవచ్చు. కానీ ఆదిలాబాద్‌లాంటి చోట జనవరిలో మొదలుపెట్టిన కార్యక్రమం ఫలితాన్ని మే నెలలో కొలిస్తే, అందులో ఎండ సాయమెంతో, మందు సాయమెంతో విడదీయాల్సిందే. కొవిడ్ ఏడాది అమెరికాలో నాలుగున్నర లక్షలకు పైగా ఉద్యోగులు, వాళ్ల కుటుంబ సభ్యుల అంకెలను అంతకుముందు ఏడాదితో పోల్చి చూస్తే, 2020 ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా సగటు పై అంకె నెలనెలా 1.1 నుంచి 2.5 పాయింట్ల దాకా ఎక్కువగా ఉంది. ఒక్కొక్కరి కొలతలో అది కనిపించనే కనిపించదు. దేశం మొత్తం మీద గీత దాటినవాళ్లు, అదుపు తప్పినవాళ్లు లక్షల్లో ఉంటారు.

కొలిచే చెయ్యి కూడా రాశిని కదిలిస్తుంది. పాదరసపు మిషన్‌తో చూసేవాళ్లు అంకెను సున్నా దగ్గరికి సరిచేసి రాయడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు. 138 అయినా, 142 అయినా పుస్తకంలో 140 పడుతుంది. గీత కూడా సరిగ్గా అక్కడే ఉంది కాబట్టి, ఆ రాత ఎటు మొగ్గితే ఊళ్లో బీపీ లెక్క అటు మొగ్గుతుంది. డిజిటల్ మిషన్లు వచ్చిన ఏడాది ఒక జిల్లా లెక్క మారిందంటే, జబ్బు మారిందని వెంటనే అనుకోకూడదు.

ఇంకొక చిక్కు ఉంది, ఇది కొంచెం నిదానంగా ఆలోచించాలి. ఊరి సగటు దిగినప్పుడు జాబితాలోంచి ముందుగా బయటపడేది ఎవరు? 141, 143 దగ్గర గీతను ఆనుకుని ఉన్నవాళ్లు. వాళ్లే తేలిగ్గా అదుపులోకి వచ్చేవాళ్లు. వాళ్లకు ఇక రోగం పేరే ఉండదు, కొత్తవాళ్లు రిజిస్టరులో చేరరు. మిగిలేది మొండి బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, మూడు మందులకూ లొంగనివాళ్లు. అప్పుడు కంట్రోల్ శాతం పెరగాల్సినంత పెరగకపోవచ్చు, ఒక్కోసారి తగ్గినట్టు కూడా కనపడొచ్చు. ఊరు బాగుపడింది, మార్కులు పడిపోయాయి. అందుకే ఒక జిల్లాలో ఏం జరుగుతోందో తెలియాలంటే కంట్రోల్ రేటు ఒక్కటే చూస్తే చాలదు. మందు వాడనివాళ్లు సహా పెద్దలందరి సగటు రక్తపోటు ఎంతో అయిదేళ్లకోసారైనా కొలవాలి. ఆస్పత్రికి వచ్చినవాళ్లలో కాదు, ఇళ్లకు వెళ్లి. నా దృష్టిలో మన ఆరోగ్య నివేదికల్లో ముఖ్యంగా లోపించినది ఆ ఒక్క అంకే.

సగటుకు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, రక్తపోటు చేసే నష్టం గీతకు అవతలే జరగడం లేదు. 2001 సంవత్సరానికి ప్రపంచం మొత్తం మీద వేసిన లెక్కలో, రక్తపోటు వల్ల కలిగిన నష్టంలో సగమే 140 దాటినవాళ్లది. మిగతా సగం, మీకు బీపీ లేదమ్మా అని డాక్టరు చెప్పి పంపించినవాళ్లది. 125, 132, 137 దగ్గర ఉన్నవాళ్లకు ఒక్కొక్కరికి ప్రమాదం కొంచెమే. కానీ వాళ్ల సంఖ్య చాలా పెద్దది. 2002 నాటి ఆ పదిలక్షల మంది లెక్కల ప్రకారం నడివయసువాళ్లలో పై అంకె రెండు పాయింట్లు తక్కువుంటేనే పక్షవాత మరణాలు నూటికి పది తక్కువ, గుండెపోటు మరణాలు ఏడు తక్కువ.

రోజ్ ఇందులోని ఇబ్బందిని దాచిపెట్టలేదు. ఊరంతటికీ గొప్ప మేలు చేసే మార్పు, అందులోని ఏ ఒక్కరికీ చెప్పుకోదగ్గ మేలు చేసినట్టు కనపడదు. పక్షవాతం రాకుండా తప్పించుకున్న మనిషికి తాను తప్పించుకున్నానని తెలియదు. బిళ్ల వేసుకుని 180 నుంచి 130కి దిగిన పెద్దాయన డాక్టరుకు దణ్ణం పెడతాడు. బేకరీవాడు రొట్టెలో ఉప్పు తగ్గించినందుకు ఎవరూ దణ్ణం పెట్టరు. అందుకే ఈ పని ఎవరి ఇష్టానికో, ఎవరి పట్టుదలకో వదిలేస్తే జరగదు. బ్రిటన్‌లో 2003 నుంచి రొట్టె, సాసేజ్, సూపు కంపెనీలతో ఏటా కొంచెం కొంచెంగా ఉప్పు తగ్గింపజేశారు. నాలుక గుర్తుపట్టనంత నెమ్మదిగా. 2011 నాటికి జనం ఉప్పు 9.5 నుంచి 8.1 గ్రాములకు, సగటు పై అంకె దాదాపు 3 పాయింట్లు దిగాయి.

మనకు ఆ దారి నేరుగా పనికిరాదు. బ్రిటన్‌లో ఉప్పు ఫ్యాక్టరీలో పడుతుంది, మన దగ్గర వంటింట్లో పడుతుంది. చిప్స్, బిస్కెట్లు, హోటల్ టిఫిన్లు పెరుగుతున్నా, ఇప్పటికీ మన ఉప్పులో పెద్దభాగం కూరలో, పప్పులో, పచ్చడిలో ఇంటి ఇల్లాలి చేతితో వేసిందే. ఉప్పు తగ్గించమ్మా అని చెప్పడం తేలిక. చప్పటి కూర వడ్డించి మాటలు పడేది ఆమె. ఆ భారం ఆమె ఒక్కదాని మీద వేయడం నాకు న్యాయం అనిపించదు.

ఉప్పునే మార్చితే? మామూలు ఉప్పు సోడియం క్లోరైడ్. అందులో పావుభాగం తీసేసి పొటాషియం క్లోరైడ్ కలిపితే రుచి దాదాపు అదే ఉంటుంది, సోడియం తగ్గుతుంది, పొటాషియం పెరుగుతుంది. చైనాలో 600 పల్లెల్లో 20,995 మందితో ఇది సుమారు అయిదేళ్లు పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు వాళ్లంతా. పల్లెల్లో సగంచోట్ల ఉప్పు మార్చారు, సగంచోట్ల మార్చలేదు. మార్చిన పల్లెల్లో పై అంకె 3.3 పాయింట్లు తక్కువ, పక్షవాతం నూటికి 14 తక్కువ, మరణాలు 12 తక్కువ. అదే ఏడాది తెలంగాణలో సిద్దిపేట ప్రాంతపు ఏడు గ్రామాల్లో బీపీ ఉన్న 502 మందితో చేసిన పరీక్ష ఫలితమూ వచ్చింది. మూడు నెలల్లో, పొటాషియం కలిపిన ఉప్పు వాడినవాళ్ల పై అంకె మామూలు ఉప్పువాళ్లకంటే 4.6 పాయింట్లు దిగింది. ఊహాపట్టణంలో మనం నాలుగు పాయింట్లకు వేసిన లెక్క గుర్తుంటే ఈ అంకె బరువెంతో తెలుస్తుంది. మన ఇళ్లలో కూర ఒకే గిన్నెలో ఉడుకుతుంది కాబట్టి, బీపీ ఉన్న తాతగారి కోసం మార్చిన ఉప్పు 132 దగ్గరున్న కొడుకు కంచంలోకీ, కోడలి కంచంలోకీ వెళుతుంది. రాశి మొత్తం జరగడమంటే ఇదే.

ఇలాంటి పని మనకు కొత్త కూడా కాదు. గొంతువాపు నివారణకు ఉప్పులో అయొడిన్ కలిపాం. 2006లో అయొడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని దేశమంతటా నిషేధించాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఇనుము, అయొడిన్ రెండూ కలిపిన ఉప్పును తయారుచేసింది. ఉప్పు ప్యాకెట్టు ద్వారా ప్రతి వంటింటికీ ఆరోగ్యం చేర్చే దారి వేసి ఉంది. పొటాషియం ఉప్పుకు ఉన్న అడ్డంకి ధర. మామూలు ఉప్పుకంటే అది ఖరీదు, కాబట్టి బజారుకు వదిలేస్తే కొనేది ఎవరికి అవసరం తక్కువో వాళ్లే. రేషన్ షాపులో పెట్టి, తేడా ధరను ప్రభుత్వం భరిస్తేనే సగటు కదులుతుంది. అలా భరించడం దండగ ఖర్చు కాదని, పక్షవాతంతో మంచానపడ్డ మనిషిని ఇంట్లో ఉంచుకుని చూసుకుంటున్న ఏ కుటుంబాన్ని అడిగినా చెబుతారు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో పొటాషియం సరిగా బయటికి పోదు, రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉప్పును ఇళ్లలో వాడుకోవచ్చని సిఫారసు చేస్తూనే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను, గర్భిణులను, పిల్లలను అందులోంచి మినహాయించింది. తెలుగునేల మీద ఆ మినహాయింపు ఒక ప్రాంతం పేరుతో సహా రాసుకోవాల్సిన సంగతి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం ఇంకా తేలని కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ఇంటింటా మనుషులను తీసుకెళుతోంది. సిద్దిపేటకు సరిపడ్డ ఉప్పును ఉద్దానానికి అలాగే పంపకూడదు. అక్కడ ముందు పెద్దవాళ్లందరికీ కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించాలి, ఉప్పు మార్చాలా, ఉన్న ఉప్పునే తగ్గించాలా అన్నది ఆ తర్వాత తేల్చాలి.